ఆ తుపాకీలో తూటాలు ఎప్పుడు అయిపోతాయండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాశారు, సినిమాని సినిమాగా చూడాలి గానీ అందులో లాజిక్కులు వెతుకుతూ కూర్చుంటే ఇక ఆనందం ఎక్కడిది అని. ఆయన మాటలో సగం నాకు నచ్చింది, నచ్చని మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. స్థలం చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి, కానీ బ్యాంకు దగ్గర జరిగిన సంగతి మాత్రం తీసేయకండి.

మాది పశ్చిమ గోదావరి, మాధవరం పక్క ఊరు. మాధవరాన్ని ఈ చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు, తరతరాలుగా సైన్యంలోకి మనుషుల్ని పంపిన ఊరు అది. ఆ గాలి మా ఊరికీ తగిలి నేను 1983లో చేరాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్, తర్వాత మద్రాస్ రెజిమెంట్‌లో 24 ఏళ్లు, అందులో చివరి ఎనిమిదేళ్లు కొత్త కుర్రాళ్లకి ఆయుధాలు నేర్పే పని. నేర్పేవాడిని అక్కడ ఉస్తాద్ అంటారు. 2007లో హవల్దారుగా బయటికొచ్చాక పదకొండేళ్లు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర 12 బోర్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాను. అంటే జీవితంలో ముప్పై అయిదేళ్లు చేతిలో ఏదో ఒక తుపాకీ ఉంది. సినిమాలు కూడా అంతకంటే ఎక్కువ కాలంగానే చూస్తున్నాను, యూనిట్‌లో తెర కట్టి ఆదివారం సినిమా వేస్తే ముందు వరుసలో కూర్చునేవాడిని.

సంక్రాంతికి మా మనవడిని తీసుకుని తాడేపల్లిగూడెంలో ఒక కొత్త సినిమాకి వెళ్లాను. పేరు అనవసరం, ఆ ఒక్క సినిమా మీద నాకు కోపం లేదు. ఇంటర్వెల్ ముందు పెద్ద ఫైట్, హీరో చేతిలో ఏకే-47. కాలుస్తున్నాడు, కాలుస్తూనే ఉన్నాడు, నడుస్తూ కాలుస్తున్నాడు, మెట్లు దిగుతూ కాలుస్తున్నాడు, మధ్యలో ఒక చేత్తో సిగరెట్ వెలిగించుకుని రెండో చేత్తో కాలుస్తున్నాడు. థియేటర్ అంతా ఈలలు, మావాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ తింటూ అడిగాడు, "తాతయ్యా, నీ గన్‌లో ఎన్ని బుల్లెట్లు ఉండేవి?" అని. ఇరవై అన్నాను. "ఇరవయ్యేనా?" అన్నాడు. వాడి ముఖంలో ఆ నిరాశ చూశాక ఇంటికొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా బెటాలియన్‌లో కుర్రాళ్లు ఆ ఇరవై రౌండ్ల మ్యాగజీన్‌ని, అంటే ఇరవై తూటాలు పట్టే ఆ డబ్బాని, ఎలా చూసుకునేవాళ్లో వాడికి ఎలా చెప్పను?

ఏకే-47 మ్యాగజీన్‌లో పట్టేవి 30. ఆటోమేటిక్‌లో పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే నిమిషానికి 600 చొప్పున, అంటే సెకనుకి పది పోతాయి. మూడు సెకన్లలో తుపాకీ ఖాళీ. మూడు సెకన్లు అంటే మీరు ఈ వాక్యం చదివేసరికి అయిపోయినట్టే. తర్వాత మ్యాగజీన్ తీయాలి, ఇంకోటి పెట్టాలి, తూటాని లోపలికి ఎక్కించే కాకింగ్ హ్యాండిల్ లాగాలి, ఆ కాసేపు నీ దగ్గర ఉన్నది ఒక ఇనుప కర్ర. మేం మొదట్లో వాడింది ఎస్ఎల్ఆర్ అనే రైఫిల్, దాదాపు నాలుగున్నర కిలోల బరువు, ఇరవై రౌండ్ల మ్యాగజీన్, ఒక్క నొక్కుకి ఒక్కటే పేలుతుంది. సినిమాల్లో మాత్రం దాన్ని కూడా మెషిన్‌గన్‌లా దడదడలాడిస్తారు. తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌కి ఒకటి చొప్పునైనా కాల్చొచ్చు, లేదా ఒక నొక్కుకి మూడు, అంతకు మించి పోవు. తయారు చేసినవాళ్లే మూడు దగ్గర ఆపేశారు, ఎందుకంటే నాలుగోది ఎలాగూ ఆకాశంలోకే పోతుంది. ఆటోమేటిక్‌లో నొక్కి పట్టుకుంటే తుపాకీ నోరు పైకి లేస్తుంది, ఎంత బలమున్నవాడికైనా లేస్తుంది.

హెలికాప్టర్‌కి బిగించే ఆరు గొట్టాల మినీగన్‌ని హీరో చేత్తో ఎత్తి కాల్చడం ఇప్పుడు దక్షిణాది సినిమాల్లో బాగా నడుస్తోంది. ఆ తుపాకీ పాతరకం 39 కిలోల దాకా ఉంటుంది, తిరగడానికి కరెంటు మోటారు కావాలి, బ్యాటరీ కావాలి. పూర్తి వేగంలో నిమిషానికి 6000 రౌండ్లు. ఒక్కో రౌండు 24 గ్రాములు వేసుకున్నా ఒక్క నిమిషం కాల్చడానికి 144 కిలోల మందుగుండు కావాలి, అంటే హీరో రెండు వడ్ల బస్తాల బరువు భుజాన వేసుకుని తిరగాలి. ఈ ముచ్చట మొదలైంది హాలీవుడ్‌లో, 1987లో వచ్చిన ‘ప్రిడేటర్’ సినిమాతో. అక్కడ కూడా కరెంటు తీగని నటుడి బట్టల్లోంచి దాచి తెచ్చారు, వేగం తగ్గించారు, కాల్చింది గుండు లేని ఉత్తి బ్లాంకులు. ఆ కష్టమేదీ తెర మీద కనబడదు కాబట్టి మనవాళ్లు అదే నిజమనుకుని ఇంకా పెద్ద తుపాకీ పట్టించారు.

ఇంతవరకూ చదివి మీ పాఠకుడు, ఇదిగో ఈయన కూడా లాజిక్కులు వెతికే మనిషే అనుకుంటారు. కాదండీ. హీరో తొడ కొడితే సుమోలు గాల్లోకి లేచినప్పుడు నేనూ ఈల వేసినవాడినే. గుండు తగిలినవాడు పది అడుగులు వెనక్కి ఎగిరిపడతాడు, నిజానికి అలా పడడు, ఉన్నచోటే కూలిపోతాడు. అంత దూరం విసిరేసే దెబ్బ గుండులో ఉంటే కాల్చినవాడి భుజం మీద కూడా అంతే దెబ్బ పడి వాడూ వెనక్కి ఎగరాలి. అయినా ఎగిరిపడనివ్వండి, చూడటానికి బాగుంటుంది. కారు తలుపు వెనక దాక్కుంటే రైఫిల్ గుండు ఆగదు, అదీ వదిలేద్దాం. పెట్రోల్ ట్యాంకుకి ఒక గుండు తగిలి కారు బాంబులా పేలుతుంది, మామూలు తూటాతో అలా జరగదు, అదీ పోనివ్వండి, మంట లేని ఫైట్ ఏం ఫైట్. నిరంకుశాః కవయః అని పెద్దలు ఊరికే అనలేదు, కథ చెప్పేవాడికి ఆ స్వేచ్ఛ ఉండాల్సిందే.

అయితే మన కవులు ఆ స్వేచ్ఛని ఎలా వాడుకున్నారో ఒకసారి చూడండి. మా నాన్న పొలం పని అయ్యాక అరుగు మీద కూర్చుని భారతం చదివి వినిపించేవాడు, అందుకని నాకు ఆ కథే గుర్తొస్తుంది. అర్జునుడి బాణాలు ఎన్ని వేసినా అయిపోవు. కానీ కవి దాన్ని ఊరికే వదిలేయలేదు, ఖాండవ దహనం వేళ అగ్నిదేవుడు వరుణుణ్ని అడిగి గాండీవంతో పాటు అక్షయ తూణీరాలు ఇప్పించాడని లెక్క చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. కృష్ణుడు వెళ్లిపోయాక, ద్వారక ఆడవాళ్లని వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుడి మీద దారిలో దొంగలు పడితే, అస్త్రాలు గుర్తుకు రాక, ఆ అక్షయ తూణీరాలే ఖాళీ అయిపోతాయి. మా నాన్న ఆ ఘట్టం దగ్గర ఎప్పుడూ గొంతు తగ్గించేవాడు. అమ్ములపొది ఎన్నడూ ఖాళీ కాని మనిషికి అది ఖాళీ అయిన రోజు ఎలా ఉంటుందో, ఆ ఒక్క సంగతిలో ఎంత దుఃఖం ఉంది! కర్ణుడి శక్తి ఆయుధం కూడా అంతే, ఒక్కసారే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నది ఆ రాత్రి ఘటోత్కచుడి మీద వాడాల్సి వచ్చింది. కర్ణుడి దగ్గర అలాంటివి ఇరవై ఉంటే ఇక కథ ఏముంది? అశ్వత్థామ, అర్జునుడు ఎదురెదురుగా బ్రహ్మాస్త్రాలు వేస్తే, అర్జునుడు తనది వెనక్కి తీసుకున్నాడు, అశ్వత్థామకి వేయడమే వచ్చు గానీ ఉపసంహరించడం రాదు. ట్రైనింగ్‌లో కుర్రాళ్లకి ఈ కథ చెప్పేవాడిని, ఆయుధం వచ్చినవాడంటే ఆపడం కూడా వచ్చినవాడు అని.

నా బాధ అతిశయోక్తి గురించి కాదని అర్థమైంది కదా. ఆయుధానికి ఒక హద్దు ఉందని చూపిస్తేనే ఫైట్‌లో టెన్షన్ పుడుతుంది. హీరో దగ్గర ఒకే మ్యాగజీన్ మిగిలింది, ఎదురుగా పన్నెండు మంది ఉన్నారు అని మాకు తెలిస్తే, ప్రతి గుండుకీ మా గుండె ఆగుతుంది. ఎన్నో తెలియకపోతే, ఎప్పటికీ అయిపోవని తెలిసిపోతే, ఇక చూసేది చప్పుడే. ‘ఆర్ఆర్ఆర్’లో ఒక తూటా ఖరీదు ఎంతో తెల్లదొర లెక్క చెప్పి, ఆ తూటాని ఈ నల్లమనిషి మీద వృథా చేయొద్దని ఆపుతాడు. ఆ ఒక్క మాటతో ఆ దొర మీద వచ్చినంత కోపం వందమందిని కాల్చి చూపించినా రాదు. అదే సినిమాలో అడవి జంతువులు ట్రక్కులోంచి దూకుతాయి, హీరో మోటారుసైకిల్‌ని ఎత్తి విసురుతాడు, మేం చప్పట్లు కొట్టాం. ఎంత ఎత్తుకి ఎగిరినా ఒక్క తూటాకి విలువ ఇచ్చిన సినిమా అది. అలా చేయడం మనవాళ్లకి చేతకాక కాదని అది చూస్తేనే తెలుస్తుంది.

చరిత్రలోకి వెళితే ఇంకా బాగా తెలుస్తుంది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది. చింతపల్లిలో దొరికినవి 11 తుపాకులు, 1390 తూటాలు. ఏం తీసుకెళ్తున్నాడో స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడు ఆయన. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. మా సంక్రాంతి సినిమా హీరో ఏకే వేగంతో లెక్కేస్తే ఆ రెండున్నర వేల తూటాలూ నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. ఆయన వాటితో మొదలుపెట్టి 1924 మే దాకా తెల్లవాళ్లకి నిద్ర లేకుండా చేశాడు. దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఎలా చచ్చారో తెలుసు కదా, మాటు వేసి, ముందు నడిచేవాళ్లని వదిలేసి, కావలసినవాళ్లు వచ్చేదాకా ఆగి కొట్టారు. ఆ ఆగడం ఎంత కష్టమో తుపాకీ పట్టినవాడికి తెలుస్తుంది. అలాంటి మనిషి కథని రేపు ఎవరైనా మళ్లీ తీస్తూ మన్యం కుర్రాళ్ల చేత లెక్క లేకుండా కాల్పిస్తే, వాళ్ల తెలివికీ ఓర్పుకీ అన్యాయం చేసినట్టే అంటాను నేను.

ఫైరింగ్ రేంజ్‌లో మేం తూటా పేలాక మిగిలే ఖాళీ గొట్టాల్ని, వాటిని ఖోఖాలు అంటాం, ఏరి లెక్క అప్పజెప్పాలి. ఇచ్చిన రౌండ్లు ఎన్ని, కాల్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, ఖోఖాలు ఎన్ని, అన్నీ సరిపోవాలి. ఒకసారి ఒక్క ఖోఖా తగ్గింది. చీకటి పడేదాకా కంపెనీ మొత్తం మోకాళ్ల మీద కూర్చుని ఇసక జల్లించాం, తిండి లేదు, నీళ్లు లేవు. చివరికి ఒక కుర్రాడి చొక్కా చేతి మడతలో దొరికింది, పేలినప్పుడు ఎగిరి అందులో పడింది. కాల్చేశాక పనికిరాని ఇత్తడి ముక్క కోసం అంత గొడవ ఎందుకని ఆ కుర్రాడే నన్ను అడిగాడు. ఖాళీ గొట్టానికే ఇంత జాగ్రత్త అలవాటైతే నిండుదాన్ని ఎప్పుడూ అజాగ్రత్తగా పట్టుకోవు బాబూ అని చెప్పాను. సినిమాల్లో ఖోఖాలు స్లోమోషన్‌లో నేల మీద పడి దొర్లుతుంటాయి, నాకు ఆ షాట్ అంటే నిజంగా ఇష్టం. వాటిని చూసినప్పుడల్లా ఆ సాయంత్రం గుర్తొస్తుంది.

చప్పుడు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన సినిమాలు పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. ఎస్ఎల్ఆర్ గుండు సెకనుకి దాదాపు 840 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, శబ్దం పోయేది 340 మీటర్లే. అంటే దూరం నుంచి నీ మీద కాల్చితే ముందు గుండు వస్తుంది, చెవి పక్కన కొరడా ఝళిపించినట్టు ఛట్ మంటుంది, తుపాకీ పేలిన ధన్ అనే మోత ఆ తర్వాత వస్తుంది. ఆ రెండింటి మధ్య ఎంత సందు ఉందో దాన్ని బట్టి శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేయడం మాకు నేర్పుతారు. ఒక్కసారి ఊహించుకోండి, తెర మీద ఒక మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోతాడు, పక్కవాడికి ఏం జరిగిందో తెలియదు, అప్పుడు దూరంగా కొండ మీంచి ధన్ మని వినబడుతుంది. ఏ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అయినా దానికి సాటి వస్తుందా? 1995లో వచ్చిన ‘హీట్’ అనే సినిమాలో లాస్ ఏంజెలెస్ వీధి మధ్య కాల్పులు ఉంటాయి. నటులకి బ్రిటిష్ ప్రత్యేక దళంలో పనిచేసిన ఒక మాజీ సైనికుడి చేత ట్రైనింగ్ ఇప్పించారు, షూటింగ్‌లో బిల్డింగుల మధ్య ప్రతిధ్వనించిన తుపాకుల మోతనే సినిమాలో ఉంచారు. ముప్పై ఏళ్లయింది, మా అబ్బాయి చూపిస్తే సెల్‌ఫోన్‌లో చూశాను, అంత చిన్న స్పీకర్‌లో కూడా నా వీపు నిటారుగా అయిపోయింది. అందులో మనుషులు మ్యాగజీన్ మార్చుకుంటారు, మార్చుకునేటప్పుడు పక్కవాడు కాపు కాస్తాడు. నిజం చూపించడం వల్ల ఆ ఫైట్‌లో వేడి తగ్గలేదు, పెరిగింది.

సైలెన్సర్ అయితే మరీ అన్యాయం. గొట్టం బిగించగానే ఫుస్ అంటుంది, పక్క గదిలో పడుకున్నవాడికి మెలకువ రాదు. మామూలు తుపాకీ మోత 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, సైలెన్సర్ అందులో ఒక ముప్పై తగ్గిస్తే గొప్ప. మిగిలిన మోత ప్రెషర్ కుక్కర్ విజిల్ కన్నా చాలా ఎక్కువే. మోత అంటే నాకు ఇంకో సంగతి. కుడి భుజాన రైఫిల్ పెట్టుకునేవాడికి ఎడమ చెవి తుపాకీ నోటికి దగ్గరగా ఉంటుంది, అందుకని ముందు ఎడమ చెవే పోతుంది. నాకు ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక కీచురాయి అరుస్తున్నట్టే ఉంటుంది, ఇరవై ఏళ్లుగా ఆగలేదు, మనవరాలు ఆ చెవిలో రహస్యం చెబితే వినబడదు. సినిమా హీరో మూసిన గదిలో రెండొందల రౌండ్లు కాల్చి, వెంటనే హీరోయిన్ గుసగుసలాడితే వింటాడు. ఒక్కసారి, ఒక్క సినిమాలో, కాల్పులు ఆగాక హీరోకి ఏమీ వినబడక చెవి పట్టుకుని నిలబడితే ఎంత నిజంగా ఉంటుందో, ఎన్ని వేలమంది రిటైరైన సిపాయిలు తెర వంక చూస్తూ తల ఊపుతారో!

ఇప్పుడు బ్యాంకు సంగతి. నేను ఇంకా బ్యాంకు డ్యూటీలో ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. కాలేజీ పిల్లలు, మంచి పిల్లలే, ఒకడి ఫీజు డీడీ కోసం వచ్చారు. లైన్‌లో నిలబడి విసుగొచ్చి నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఒక్క వీడియో, గన్ వీడి తల మీద పెట్టండి, వీడు డైలాగ్ చెప్తాడు" అన్నారు. కుదరదన్నాను. ఊరికే అంకుల్, సరదాకి, అన్నారు. లోడ్ చేసి ఉంది బాబూ అంటే, సేఫ్టీ ఉంటుంది కదా అన్నాడు ఒకడు. నేను జవాబు చెప్పేలోపు రెండోవాడు నవ్వుతూ వంగి, గొట్టం పట్టుకుని తన నుదుటి మీదికి లాక్కున్నాడు. అచ్చం సినిమాలో హీరో దమ్ముంటే కాల్చరా అన్నప్పుడు లాక్కుంటాడే, అలా. నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. ముప్పై ఏళ్ల అలవాటు, ఎప్పుడూ ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉంటుంది. నేను వాడి చెయ్యి విడిపించి, తుపాకీ నోరు పైకి తిప్పి, వాడిని గోడకి నెట్టాను. లైన్‌లో వాళ్లందరూ నన్నే తిట్టారు, పిల్లలతో అంత కోపం ఎందుకండీ అని. బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుంటుంటే నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. సరిహద్దులో ఎల్ఓసీ దగ్గర కూడా నా చేతులు అలా వణకలేదు.

ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. వాడికి తుపాకీ గురించి తెలిసిందంతా తెర మీంచి వచ్చింది, వాడు చూసిన వందల సన్నివేశాల్లో హీరో తుపాకీ నోటిని నుదుటికి ఆనించుకుంటే ఏమీ కాలేదు. సుమోని తన్ని గాల్లోకి లేపాలని ఎవడూ ఇంటికెళ్లి ప్రయత్నించడు, కుదరదని తెలుసు. తుపాకీ అలా కాదు, చేతికి అందితే పేలుతుంది, హీరో చేతిలో ఎలా పేలుతుందో మామూలువాడి చేతిలోనూ అలాగే పేలుతుంది. సినిమాని సినిమాగా చూడమన్న ఆ పాఠకుడికి నేను చెప్పాలనుకున్నది ఇదే. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం వల్ల జనం చచ్చిపోతుంటే 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, అలా కాల్చినవాడికి రెండేళ్ల దాకా జైలు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, లేదా రెండూ గానీ అని పెట్టాల్సి వచ్చింది. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి కదా. అలా కాల్చేవాడికి అది గొప్పగా కనబడటం ఎక్కడ నేర్పారో నేను వేరే చెప్పక్కర్లేదు.

సెట్‌లో కూడా ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 1993లో అమెరికాలో బ్రాండన్ లీ అనే నటుడు, బ్రూస్ లీ కొడుకు, షూటింగ్‌లోనే చనిపోయాడు. ముందు వాడిన, మందు లేని డమ్మీ తూటా కొన గొట్టంలో ఇరుక్కుని ఉంది, ఎవరూ లోపలికి చూడలేదు, తర్వాత బ్లాంకు కాల్చితే ఆ వేగానికి అది బయటికొచ్చి తగిలింది. 2021లో న్యూమెక్సికోలో ‘రస్ట్’ అనే సినిమా సెట్‌లో హలీనా హచిన్స్ అనే ఛాయాగ్రాహకురాలు ప్రాణం పోగొట్టుకుంది, డమ్మీలు ఉండాల్సిన రివాల్వర్‌లో నిజమైన తూటా ఉంది. సినిమాకి ఆయుధాలు చూసుకునే మనిషికి 18 నెలల జైలు పడింది. మేం డ్యూటీ దిగగానే ఉస్తాద్ జాంచ్ శస్త్ర్, అంటే ఆయుధం తనిఖీకి చూపించండి, అని అరుస్తాడు, బోల్టు వెనక్కి లాగి చాంబర్ తెరిచి చూపించాలి, ఆయన కళ్లతో చూసి, అవసరమైతే వేలు పెట్టి తడిమి ముందుకి కదులుతాడు. అయిదు సెకన్ల పని. ఆ అయిదు సెకన్లు ఎవరైనా పెట్టి ఉంటే ఆ ఇద్దరూ ఇంటికి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు చాలా చోట్ల డమ్మీ తుపాకులే వాడి మంట, పొగ కంప్యూటర్‌లో కలుపుతున్నారు, అది మంచిదే, నేను ఒప్పుకుంటాను. కానీ చేతిలో ఏమీ పేలకపోయేసరికి నటుడి భుజం కదలదు, కన్ను కూడా ఆడదు, పిచికారీ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. పైగా నిమిషానికోసారి బోల్టు లాగుతాడు, స్టైల్ అని. లోపల రౌండు ఉంటే లాగిన ప్రతిసారీ ఒక మంచి రౌండు బయటికి పడిపోతుంది. రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు పట్టుకుంటే గురి చూసేది దేనితో? ఇవన్నీ నేర్పడానికి నాలుగు రోజులు చాలు. భుజానికి ఎలా ఆనించాలి, మోకాలు ఎంత వంచాలి, వేలు ఎక్కడ ఉండాలి, మ్యాగజీన్ మార్చేటప్పుడు కళ్లు ఎటు చూడాలి, అంతే. హీరో స్టైల్‌కి ఏ లోటూ రాదు, నిజానికి బాగా నేర్చిన చెయ్యి మ్యాగజీన్ మారుస్తుంటే అంత అందంగా ఇంకేదీ ఉండదు. డాన్స్‌లో ఒక్క స్టెప్పు కోసం నెలల తరబడి రిహార్సల్ చేసే పరిశ్రమ మనది, గుర్రపు స్వారీకి, కత్తిసాముకి గురువుల్ని పెట్టుకుంటారు. తుపాకీకి ఎందుకు పెట్టుకోరు? రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లాలో చూసినా పని కోసం ఎదురుచూసే మాజీ సైనికులు ఉన్నారు. ఏటీఎంల దగ్గర, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషిని అడిగి చూడండి, ఏ తుపాకీ ఎలా పేలుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు.

మీ పత్రికకి కూడా ఒక మనవి. మీ సినిమా పేజీలో ఫైట్ల గురించి రాసేటప్పుడు యాక్షన్ అదిరింది అని ఒక ముక్క రాసి వదిలేస్తున్నారు. పాట గురించి అయితే రాగం, పల్లవి, గొంతు అన్నీ రాస్తారు. ఫైట్‌లో తుపాకీని ఎలా చూపించారో కూడా రెండు వాక్యాలు రాయించండి. హీరో స్నేహితుడి తల మీద సరదాకి తుపాకీ పెట్టే కామెడీ సీన్ ఉంటే ఇది బాగా లేదని రాయండి. మీరు రాస్తే వాళ్లు చదువుతారు, నేను రాస్తే ఎవరు చదువుతారు.

మొన్న ఆదివారం టీవీలో ఏదో పాత సినిమా వస్తుంటే మావాడు నా పక్కన కూర్చుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ముప్పై దగ్గర ఆగి నా వంక చూశాడు. హీరో ఇంకా కాలుస్తూనే ఉన్నాడు. "తాతయ్యా, మార్చలేదు" అన్నాడు.

ఈ ఉత్తరం ఏ దర్శకుడి కంటయినా, ఏ ఫైట్ మాస్టర్ కంటయినా పడితే, మీ కార్యాలయంలో నా చిరునామా ఉంది, ఇవ్వండి. హైదరాబాద్ అయినా, వైజాగ్ అయినా వస్తాను. డబ్బులు అక్కర్లేదు, రైలు టికెట్ నేనే కొనుక్కుంటాను. నాలుగు రోజులు, పొద్దున్నే ఆరింటికి, హీరోతో పాటు వెనక నిలబడే ఫైటర్ కుర్రాళ్లు కూడా రావాలి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా